ఐదొందలు జేబులో వేసుకుని జార్జ్ టౌన్ చూసి రావడం ఎలా

మా పెదనాన్నకు నాయుడుపేటలో ఫ్యాన్సీ కొట్టు ఉండేది. నెలకోసారి తెల్లారుజాము రైలెక్కి మద్రాసు పోయేవాడు. గాజులు, రిబ్బన్లు, దువ్వెనలు, పిన్నీసులు, రబ్బరు బొమ్మలు అన్నీ కొని, మూటలు కట్టించి లారీ ఆఫీసులో పడేసి, రాత్రి భోజనానికి ఇంట్లో ఉండేవాడు. సరుకు డబ్బు కాకుండా ఆయనకయ్యే ఖర్చల్లా రైలు టికెట్టు, రెండు టిఫిన్లు, ఒక భోజనం. ఆటో ఎక్కగా నేను చూడలేదు.

నేను ఉద్యోగానికి చెన్నై వచ్చాక మొదటిసారి జార్జ్ టౌన్, అంటే ఇక్కడి పాత బజారు పేట, చూద్దామని బయల్దేరింది ఒక ఆదివారం, పన్నెండు గంటలకి, వేళచ్చేరి నుంచి ఆటోలో. దిగేసరికి అన్నీ షట్టర్లే. నీడ లేదు, మనుషుల్లేరు, ఒక కుక్క మాత్రం నన్ను చూసి జాలిపడింది. ఆటోకిచ్చిన డబ్బుతో నలుగురం భోజనం చేసేవాళ్ళం. పెదనాన్నకి ఫోన్ చేసి చెప్తే నవ్వి, "ఆదివారం ఎవడన్నా ప్యారిస్‌కి పోతాడంట్రా? పోయేవాడివి నన్నొక మాట అడగొద్దా?" అన్నాడు.

ప్యారిస్ అంటే ప్యారీస్ కార్నర్, జార్జ్ టౌన్ మొదలయ్యే మూల. 1788లో థామస్ ప్యారీ అనే తెల్లదొర పెట్టిన కంపెనీ పేరు మీద ఆ మూలకి ఆ పేరొచ్చింది. బస్సు కండక్టర్ల నోట్లో అదెప్పుడో ప్యారిస్ అయిపోయింది.

ఆ ఫోన్లో ఆయన చెప్పింది ఒకటే ముక్క. అది టోకు వ్యాపారం పేట, దానికి దాని టైం ఉంది, మన టైముకి మనం పోతే తోపులాట, ఎండ, ఆటో ఖర్చు తప్ప ఏమీ మిగలదు. తర్వాత ఈ పదకొండేళ్ళలో ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు, ఊరి నుంచి ఎవరొచ్చినా నేనే తీసుకుపోతా. పెదనాన్న టైముకి నేను కనిపెట్టిన తిండి కలిపి మీకు చెప్తున్నా.

ముందు రోజు ఎంచుకోండి

మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఏ రోజైనా పర్లేదు. ఆదివారం టోకు కొట్లు చాలావరకు మూసే ఉంటాయి. శనివారం ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. దీపావళికి ముందు రెండు వారాలు ఆ వైపు కన్నెత్తి చూడొద్దు, ఎవరెంత బతిమాలినా సరే. నవంబరు వానల్లో ఆ సందుల్లో నీళ్ళు నిలబడతాయి, ఆ నీళ్ళలో ఏముంటుందో చెప్పను. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది.

వేసుకునే చెప్పులు పాతవై ఉండాలి, కానీ తెగేవి కాకూడదు. భుజానికి తగిలించే సంచీ ముందుకి వేసుకోండి. నీళ్ళ సీసా, ఒక మడత గుడ్డసంచీ, పది రూపాయల నోట్లు ఓ పది. యూపీఐ అన్నిచోట్లా పనిచేస్తుంది, పూలమ్మే అవ్వ దగ్గర కూడా, కానీ ఆ సందుల్లో సిగ్నల్ చచ్చిపోతుంది. వెనకాల తోపుడుబండి వాడు అరుస్తుంటే మీరు ఫోన్ పైకెత్తి తిరుగుతుంటారు, ఆ టెన్షన్ ఎందుకు.

చేరుకోవడం

మన వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎలాగూ సెంట్రల్లో దిగుతారు. సూళ్ళూరుపేట నుంచి అయితే లోకల్ రైలే ఉంది, సెంట్రల్ పక్కనే మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో దింపుతుంది, టికెట్టు చాలా తక్కువ. (మూర్ మార్కెట్ అంటే పాతపుస్తకాల మార్కెట్ అని మన పెద్దవాళ్ళు తలుచుకుంటారు కదా, అది 1985లో కాలిపోయింది. ఇప్పుడున్నది పేరు మాత్రమే.) బ్యాగులుంటే సెంట్రల్ క్లోక్ రూములో పెట్టేయండి. బ్యాగుతో జార్జ్ టౌన్లోకి పోతే మీరు మనిషి కాదు, అడ్డం.

సెంట్రల్ నుంచి మెట్రోలో ఒక్కటే స్టేషను, హైకోర్టు. నడిస్తే ఇరవై నిమిషాలు. పొద్దున్నే అయితే నడవొచ్చు గానీ రోజంతా నడకే కాబట్టి కాళ్ళని దాచుకోండి. సిటీలోనే ఉండే ఆడవాళ్ళయితే మామూలు బస్సెక్కండి, 2021 నుంచి వాళ్ళకి టికెట్టే లేదు. మా ఆవిడ ఆ బస్సులోనే వస్తుంది, నేను మెట్రోకి డబ్బులు పెట్టుకుంటానని రోజంతా దెప్పుతుంది.

హైకోర్టు స్టేషన్లో టాయిలెట్ వాడుకుని మరీ బయటికి రండి. ఇది చిన్న విషయం కాదు, లోపల వీధుల్లో మళ్ళీ దొరకడం కష్టం, ముఖ్యంగా ఆడవాళ్ళకి.

ఆరున్నరకి: మూల మీద నిలబడండి

అవును, పొద్దున ఆరున్నర. కొట్లు తెరిచేది పదిన్నరకైనా ఇంత ముందు ఎందుకంటే, పదిన్నర తర్వాత ఈ పేటలో తలెత్తి చూడలేరు, చూస్తే ఎవడో ఒకడు గుద్దేస్తాడు. భవనాలు చూడాలన్నా, ఫోటో తీయాలన్నా, వీధి వెడల్పు ఎంతో తెలియాలన్నా ఈ రెండు మూడు గంటలే.

ఎన్నెస్సీ బోస్ రోడ్డు, రాజాజీ సాలై కలిసే మూలలో డేర్ హౌస్ అనే భవనం ఉంది. దాని దగ్గర ఒక పొట్టి రాతి స్తంభం ఉంటుంది, వెతికి చూడండి. దాని మీద 1773 జనవరి 1 అని ఉంటుంది. దాని కథ తెలిస్తే ఈ పేట ఆకారం మొత్తం అర్థమవుతుంది. ఇంగ్లీషువాళ్ళ కోట పక్కనే మొదట మనవాళ్ళ పేట ఉండేది, ఇప్పుడు హైకోర్టు ఉన్నచోట. 1746లో ఫ్రెంచివాళ్ళు కోట పట్టుకున్నారు, తర్వాత 1758లో మళ్ళీ ముట్టడించారు. శత్రువు ఇళ్ళ చాటున దాక్కుని వస్తున్నాడని ఇంగ్లీషువాళ్ళు ఆ పాతపేటని చదును చేసేసి, కోట ముందు ఖాళీ నేల వదిలి, ఇక్కడి దాకా ఎవరూ ఇల్లు కట్టకూడదని ఆరు స్తంభాలు పాతారు. మిగిలింది ఇదొక్కటే. దీనికి ఉత్తరాన ఉన్నదంతా అప్పుడు జరిగి వచ్చిన జనం కట్టుకున్న పేట. నల్లవాళ్ళ ఊరు అని పిలిచేవాళ్ళు, తర్వాత జార్జి చక్రవర్తి పేరు పెట్టారు.

ఈ మూలలోనే ఇంకొక్క నిమిషం ఆగండి. 1928 ఫిబ్రవరి 3న, సైమన్ కమిషన్ బహిష్కరణ రోజున, ఇక్కడ కాల్పులు జరిగితే చనిపోయినవాడిని చూడ్డానికి టంగుటూరి ప్రకాశం పంతులు ముందుకు పోయారు. తుపాకులు అడ్డం పెడితే చొక్కా తీసి కాల్చుకోమన్నది ఇక్కడే. మనం స్కూలు పుస్తకంలో చదువుకున్నాం గానీ అది ఏ వీధి మూలో ఎవరూ చెప్పలేదు. నాలుగు అడుగులు పడమరకి వేస్తే కుడిచేతికి వచ్చే బ్రాడ్వేకి ఇప్పుడు ప్రకాశం సాలై అనే పేరు. అందరూ బ్రాడ్వే అనే అంటారు, అది వేరే సంగతి.

ఇక్కణ్ణించి దారి తప్పడం కష్టం. ఎన్నెస్సీ బోస్ రోడ్డు దువ్వెన వీపు అనుకోండి. సముద్రానికి వీపు పెట్టి నడుస్తుంటే ఎడమచేతికి హైకోర్టు, కుడిచేతికి దువ్వెన పళ్ళలా వరసగా వీధులు. లింగి చెట్టి వీధి, తంబు చెట్టి వీధి, ఆర్మీనియన్ వీధి, బ్రాడ్వే, ఇంకా ముందుకి పోతే దేవరాజ ముదలి వీధి, గోవిందప్ప నాయకర్ వీధి, చివర్లో మింట్. ఎక్కడ తప్పిపోయినా దక్షిణానికి నడవండి, వీపు తగులుతుంది. హైకోర్టు గోడ మీద ఒక శిలాఫలకం కూడా ఉంది, 1914 సెప్టెంబరు 22న ఎమ్డన్ అనే జర్మన్ ఓడ ఈ తీరం మీద ఫిరంగి గుండ్లు వేసి పారిపోయిన గుర్తు. గడుసువాణ్ణి ఇక్కడ ఇప్పటికీ "సరైన ఎమ్డన్" అంటారు.

ఏడుకి: పూలు

బ్రాడ్వే దాటి కొంచెం ముందుకి పోతే ముక్కే దారి చూపిస్తుంది. బద్రియన్ వీధి, ఆ చుట్టుపక్కల. టోకు పూల వ్యాపారం చాలావరకు కోయంబేడుకి పోయినా ఇక్కడ ఇంకా బుట్టలు దిగుతూనే ఉంటాయి. కింద పువ్వుల తొక్కిడి, తడి గోనెపట్టాలు, జారుతుంది, చూసుకుని నడవండి.

మల్లెపూలు కొనాలనిపిస్తే మూర లెక్కన అడగాలి, వీళ్ళు మొళం అంటారు. ఇక్కడొక తమాషా ఉంది. మూర అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా కదా, కొలిచేది వాళ్ళ చేత్తో. నేను మామూలుగా కొనే అవ్వ నా భుజం దాకా రాదు, ఆమె చేయి ఎంతుంటుంది చెప్పండి. దండ కొస మోచేతి ముడుకు దగ్గర బొటనవేలితో నొక్కి పట్టుకుని, సర్రున లాగి, వేళ్ళ కొసకి వచ్చేలోపే మణికట్టు కొంచెం లోపలికి వంచుతుంది. రెండంగుళాలు అక్కడ మాయం. మొదటిసారి నేను "అవ్వా, నా చేత్తో కొలుస్తా" అంటే నా చేయి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ చేత్తో అయితే నేను ఇల్లు అమ్ముకోవాలి" అంది, తమిళంలో కాదు, శుద్ధమైన తెలుగులో. అడిగితే వాళ్ళ నాన్నది గూడూరు.

ఈ పేటలో తెలుగు ఎక్కడ దొరుకుతుందో చెప్పలేం. మీరు మీలో మీరు తెలుగులో మాట్లాడుకుంటూ "ఇదేంటి ఇంత చెప్తున్నాడు, దొంగ మొహం" లాంటి మాటలు అనకండి. నేను అని తిన్నాను.

పూలు చూశాక దేవరాజ ముదలి వీధిలో పట్టణం గుడికి పోండి, చెన్నకేశవ పెరుమాళ్, చెన్న మల్లీశ్వరుడు, పక్కపక్కన రెండు గుళ్ళు. మొదట ఈ కేశవుడి గుడి ఆ పాతపేటలో, ఇప్పటి హైకోర్టు వైపు ఉండేది. కట్టించింది బేరి తిమ్మన్న అని చెప్తారు. ఇంగ్లీషువాళ్ళకి దుబాసీగా చేసినవాడు, మన పాలకొల్లు మనిషి. 1757లో కోట భద్రత కోసమని గుడి పడగొట్టి, దానికి బదులుగా ఇక్కడ స్థలం ఇచ్చారు. అసలు చెన్నపట్నం అనే పేరే దామెర్ల చెన్నప్ప నాయకుడిది. 1639లో ఈ ఇసుక నేలని ఫ్రాన్సిస్ డేకి రాసిచ్చింది ఆయన కొడుకే. ఆ డే దొర అంతకుముందు ఎక్కడున్నాడనుకున్నారు? దుగరాజపట్నంలో. మా నాయుడుపేట నుంచి బండి వేసుకుని పోయే దూరం. ఈ మాట చెప్తే పెదనాన్న "అయితే ఆయనా మనలాగే సరుక్కే వచ్చాడన్నమాట" అన్నాడు.

గుడి ఉచితం, నీడ ఉచితం, అరుగు మీద కూర్చోవడం ఉచితం. పావుగంట కూర్చోండి.

టిఫిను, తర్వాత చుట్టు తిరుగుడు

ఎనిమిదిన్నరకి ఏదో ఒక చిన్న మెస్‌లో ఇడ్లీ, పొంగల్. కూలీలు, గుమాస్తాలు నిలబడి తింటున్న చోట తినండి, బోర్డు చూడకండి. అరవై డెబ్బై రూపాయల్లో కడుపు నిండిపోతుంది.

పదిన్నర దాకా ఇంకా టైముంది కాబట్టి వెనక్కి, తూర్పు వైపుకి రండి. తంబు చెట్టి వీధిలో కాళికాంబాళ్ గుడి ఉంది, 1677లో శివాజీ మహారాజు దర్శించుకున్నాడని అక్కడ రాసి పెట్టారు. ఇక్కడి దేవి శాంతంగా ఉంటుంది. శుక్రవారం అయితే జనం, వేరే రోజుల్లో పది నిమిషాల పని.

ఆర్మీనియన్ వీధిలో ఆర్మీనియన్ చర్చి మాత్రం వదలొద్దు. 1772 నాటిది. బయట వీధిలో మీరు ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటూ నడుస్తుంటారా, తెల్లగోడలో ఆ తలుపు దాటగానే చప్పుడంతా ఎవరో మూత పెట్టినట్టు ఆగిపోతుంది. లోపల తోట, చెట్లు, కింద పరిచిన బండల మీద అర్థం కాని లిపి, అవి సమాధులు. గంటగోపురం విడిగా కట్టారు. ఈ ఊళ్ళో ఆర్మీనియన్లు ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు, వీధి పేరు, ఈ తోట మిగిలాయి. మధ్యాహ్నం దాకా తెరిచి ఉంటుంది, తొమ్మిదికల్లా తీస్తారు, డబ్బులేమీ అడగరు. సమాధుల మీద కూర్చుని టిఫిన్ పొట్లం విప్పకండి, నేను చూశాను కాబట్టి చెప్తున్నా.

పదిన్నరకి: ఇప్పుడు కొనండి

పదిన్నర నుంచి ఒంటిగంట లోపు కొనేయాలి. కొట్టువాళ్ళు అప్పుడే దీపం పెట్టి కూర్చుని ఉంటారు, ఓపిగ్గా మాట్లాడతారు. మధ్యాహ్నం తర్వాత ఆ ఓపిక ఉండదు. ఒక్కటే జాగ్రత్త, బోణీ వేళ. మొదటి బేరం మీదే అయితే, బేరమాడి ఆడి కొనకుండా పోవద్దు. కొనే ఉద్దేశం లేకపోతే అసలు రేటే అడగొద్దు. ఇది మన ఊళ్ళో ఎలాగో ఇక్కడా అంతే.

ఏ వీధికి ఏ సరుకో తెలిస్తే సగం నడక తగ్గుతుంది. గోడౌన్ వీధి బట్టలకి, చీరలు, డ్రెస్ మెటీరియల్, తువ్వాళ్ళు. ఆండర్సన్ వీధి కాగితానికి, పెళ్ళి శుభలేఖలకి. కాశీ చెట్టి వీధిలో బయటి దేశాల బొమ్మలు, బ్యాగులు, వంటింటి సామాన్లు. నారాయణ ముదలి వీధిలో అలంకరణ సామాన్లు, పుట్టినరోజు బుడగలు, పేరంటానికి పంచే చిన్న చిన్న వస్తువులు. నైనియప్ప నాయకర్ వీధిలో మందులు, రసాయనాలు, అది వాసన చూసుకుంటూ దాటేయండి.

గోవిందప్ప నాయకర్ వీధి, దాన్ని ఆనుకుని కొత్వాల్ చావడి దగ్గర మాత్రం నెమ్మదించండి. పప్పులు, పసుపు, జీలకర్ర, జీడిపప్పు, మిరపకాయలు. గుంటూరు అని రాసిన గోతాల పక్క నుంచి పోతుంటే తుమ్ములాగవు, ఆ వీధి కూలీలకి మాత్రం తుమ్మే రాదు, ఎలాగో మరి. ఒకప్పుడు ఊరికంతా కూరగాయలు ఇక్కడి నుంచే పోయేవి, 1996లో ఆ మార్కెట్టుని కోయంబేడుకి మార్చేశారు. మధ్యలో కన్యకాపరమేశ్వరి అమ్మవారి గుడి ఉంది. మన ఆర్యవైశ్యులది, ఆ మార్కెట్ స్థలం కూడా ఈ దేవస్థానానిదే. గుళ్ళోకి పోతే చుట్టూ తెలుగే వినపడుతుంది, పేట మధ్యలో పెనుగొండ దిగినట్టుంటుంది.

ఇక కొనే పద్ధతి. ఇది పూర్తిగా పెదనాన్నది.

ఒక్క వస్తువు ధర అడగొద్దు. "ఇది ఎంత?" అన్నారో, మీరు చూడ్డానికి వచ్చిన మనిషని తేలిపోతుంది, నోటికొచ్చింది చెప్తాడు, లేదా "హోల్‌సేల్ మాత్రమే" అని మొహం తిప్పుకుంటాడు. "డజను ఎంత?" అని అడగండి. చెప్పిన లెక్కని పన్నెండుతో భాగించి మనసులో పెట్టుకుని పక్క కొట్టుకి పోండి. అక్కడ కూడా డజనే అడగండి. మూడో కొట్లో "డజను వద్దు, మూడు ఇస్తారా, ఒక పది రూపాయలు ఎక్కువ వేసుకోండి" అనండి. పది మందిలో ఏడుగురు ఇస్తారు. ఇవ్వనివాళ్ళతో వాదించకండి, వాళ్ళకి కట్ట విప్పితే మిగతాది ముక్కచెక్క సరుకైపోతుంది.

ఇంకా మంచిది, ఇద్దరు ముగ్గురు కలిసి పోయి డజను కొని పంచుకోవడం. మా ఆఫీసులో నలుగురం కలిసి ఒకసారి తువ్వాళ్ళు అలా కొన్నాం, మనిషికి మూడు చొప్పున. రంగుల దగ్గర గొడవైంది గానీ డబ్బు మాత్రం మిగిలింది.

కట్ట విప్పి లెక్కపెట్టుకోండి, కొట్టులోనే. గాజులైతే వేళ్ళతో కాకుండా చెవి దగ్గర పెట్టి కదిపి చూడమనేవాడు పెదనాన్న, బీటుంటే చప్పుడు మారుతుంది.

నడుస్తున్నప్పుడు వెనక నుంచి "ఓరం, ఓరం" అని కేక వినపడితే ఆలోచించకుండా పక్కకి తప్పుకోండి. మీన్‌బాడీ బండి వస్తోందని అర్థం. ముందు రెండు చక్రాల మీద బల్ల, వెనక సైకిలు, ఆ బల్ల మీద మనిషెత్తు సరుకు. తొక్కేవాడికి ముందు ఏముందో కనపడదు, బ్రేకు మీద అతనికే పెద్దగా నమ్మకం ఉండదు.

మధ్యాహ్నం దాచుకోండి

ఒంటిగంట నుంచి మూడున్నర దాకా రోడ్డు మీద ఉండకండి. గుళ్ళు మూసేస్తారు, ఎండ నెత్తిన కొడుతుంది. భోజనం నూటయాభై లోపు అయిపోతుంది. తర్వాత ఓపికుంటే కోటలోని మ్యూజియానికి పోవచ్చు, హైకోర్టు నుంచి నడకే, టికెట్టు కొద్దిగానే, లోపల చల్లగా ఉంటుంది. సెక్రటేరియట్ అదే ప్రాంగణంలో ఉంది కాబట్టి సోదా చేస్తారు, ఆధార్ లాంటిది దగ్గర పెట్టుకోండి. శుక్రవారం మ్యూజియం సెలవు. నాకైతే ఈ రెండు గంటలూ కాఫీ కొట్టు పైఅంతస్తులో ఫ్యాను కింద కూర్చుని కింద వీధిని చూడ్డమే ఇష్టం.

సాయంత్రం: షావుకారుపేట

నాలుగున్నర దాటాక మింట్ వీధికి రండి. కంపెనీ నాణేలు పోసే టంకసాల ఉండేది కాబట్టి మింట్, తమిళంలో తంగసాలై. ఈ చుట్టుపక్కలదంతా సౌకార్‌పేట, మన షావుకారే. గుజరాతీలు, మార్వాడీలు తరాలుగా ఉంటున్నారు, బోర్డులు హిందీలో, బేరాలు అన్ని భాషల్లో. జనం కిక్కిరిసి ఉంటారు, కానీ ఇప్పుడు మీకు కొనే పని లేదు, తినే పనే కాబట్టి జనంతో పాటు కొట్టుకుపోవచ్చు.

కాకడా రామ్‌ప్రసాద్ దగ్గర బాదంపాలు ఒకటి తీసుకుని ఇద్దరు పంచుకోండి. ఆ పాలు పల్చగా ఉండవు, ఒక్కరే తాగితే తర్వాత ఇంకేమీ తినలేరు. తర్వాత తోపుడుబండి మీద మురుకు శాండ్‌విచ్. ఇది ఈ పేటలో పుట్టిన తిండి అంటారు, నేనైతే వేరే ఊళ్ళో చూడలేదు. అరచేతిలో పట్టేంత చిన్న మురుకులు పళ్ళెంలో వరసగా పరుస్తాడు. ఒక్కోదాని మీద పుదీనా చట్నీ బొట్టు, కీరదోస చక్రం, టమాటా చక్రం, చిటికెడు మసాలా, పైన ఇంకో మురుకు మూత. పళ్ళెం మీ చేతికి వచ్చాక ఫోటోల కోసం ఆగకండి. చట్నీ తడికి మురుకు రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది, మొత్తం నోట్లో పెట్టి ఒక్కసారే కొరకాలి. కరకర, తడి, కారం అన్నీ ఒకేసారి. సగం కొరికితే మిగతా సగం చొక్కా మీద పడుతుంది, నా తెల్ల చొక్కాకి ఆకుపచ్చ మరక ఇంకా ఉంది.

ఆరు దాటితే ఎన్నెస్సీ బోస్ రోడ్డు మీద సీనా భాయ్ టిఫిన్ రూమ్ తెరుస్తారు. నెయ్యి, కారప్పొడి వేసిన ఇడ్లీ, ఊతప్పం, అంతే. నెయ్యి చూసి లెక్కలు వేసుకోకండి, పొద్దున్నుంచి నడిచారు.

లేదా సముద్రం వైపు బర్మా బజారు. 1960ల్లో బర్మా నుంచి తరిమేస్తే తిరిగొచ్చిన మనవాళ్ళకి బతుకుదెరువుగా 1969లో పెట్టిన వరస కొట్లు. మన ఉత్తరాంధ్ర వాళ్ళు రంగం పోయారు అనేవాళ్ళే, ఆ రంగమే రంగూన్. వాళ్ళు తెచ్చిన తిండి అత్తో, ఎర్రటి నూడిల్సు, క్యాబేజీ, ఉల్లి, చింతపండు నీళ్ళు, వేయించిన వెల్లుల్లి, అన్నీ చేత్తోనే కలిపి ఇస్తారు. పక్కన అరటిదవ్వ పులుసు వేడిగా పోస్తారు, మళ్ళీ అడిగితే మళ్ళీ పోస్తారు. నాకు సీనా భాయ్ కంటే ఇదే ఇష్టం, మా ఆవిడకి అదే ఇష్టం, కాబట్టి చాలాసార్లు రెండూ అవుతాయి.

బర్మా బజారులో తినండి, చూడండి, కరెంటు వస్తువులు మాత్రం కొనకండి. ఒక కొట్లో నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాట విని మరీ కొన్నాను. బ్రహ్మాండంగా వినపడింది. డబ్బులిచ్చాక అతను లోపలి నుంచి "కొత్త పీసు" అని సీలు వేసిన పెట్టె ఇచ్చాడు. ఇంటికెళ్ళి చూస్తే ఎడమ చెవి మూగది. రెండ్రోజులాగి పోతే అది తన కొట్టు సరుకే కాదన్నాడు.

ఖర్చు లెక్క చూసుకుంటే టిఫిను డెబ్బై, భోజనం నూటయాభై, సాయంత్రం తిండి నూటయాభై, మెట్రో, కాఫీలు, నీళ్ళు కలిపి ఓ ఎనభై. మిగిలిన యాభైకి పూలో, పిన్నీసుల డజనో.

తిరుగు ప్రయాణానికి అత్తో తిన్నవాళ్ళకి మన్నడి మెట్రో గానీ, బీచ్ స్టేషన్ గానీ దగ్గర. సూళ్ళూరుపేట లోకల్‌కి పోయేవాళ్ళు సెంట్రల్ దాకా రావాల్సిందే, క్లోక్ రూము చీటీ జేబులో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, అక్కడికి పోయాక కాదు. కొన్నవి గుడ్డసంచీలో అడుగున గాజులు, పైన బట్టలు కాకుండా, అడుగున బట్టలు సర్ది వాటి మడతల మధ్యలో గాజులు పెట్టండి. లోకల్లో సంచీ పైన పెట్టకండి, ఒళ్ళో పెట్టుకోండి. పెదనాన్న సంచీ చెవులు రెండూ కలిపి మణికట్టుకి ఒక చుట్టు వేసుకుని, నాయుడుపేట దాకా నిద్రపోయేవాడు.